ఏడు గంటలకి కూర్చోవాలి

మొన్న సాయంత్రం రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజర్లో నా ఎదురుసీటులో కూర్చున్న ఒకావిడ, రైలు పల్లికోన దాటగానే సంచిలోంచి వెల్లుల్లిపాయలు తీసి ఒళ్ళో పోసుకుని ఒలవడం మొదలుపెట్టింది. బడిలో ఆరు పీరియడ్లు చెప్పి, కాళ్ళు పీకుతూ ఉంటే, నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాను. పొట్టు రాలుతున్న చప్పుడుకి కళ్ళు తెరిచాను. ఒక్క క్షణం మా అక్కయ్యగారే అనుకున్నాను. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది.

మేం ఆవిణ్ని అక్కయ్యగారనే పిలిచేవాళ్ళం. రేపల్లెలో నేను తెలుగు చెప్పే బడిలోనే ఆవిడ లెక్కలు చెప్పేవారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఇల్లు తెనాలి పక్కన అంగలకుదురులో. పొద్దున్నే ఆటోలో స్టేషనుకొచ్చి రైలెక్కేవారు, సాయంత్రం అదే రైల్లో తిరిగొచ్చేవారు. అలా పద్నాలుగేళ్ళు ఇద్దరం కలిసి తిరిగాం. మా పెట్టెలోనే ఒక నర్సమ్మ, పోస్టాఫీసులో పనిచేసే ఒకావిడ ఎక్కేవాళ్ళు. నలుగురం ఎప్పుడూ ఒకచోటే కూర్చునేవాళ్ళం.

ఆవిడ చేతులు ఊరికే ఉండేవి కావు. పక్కవాళ్ళ చేతులు ఊరికే ఉంటే చూడలేకపోయేవారు కూడా. సంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. గోరుచిక్కుళ్ళో, వేరుశెనక్కాయలో, వెల్లుల్లో. రైలు కదలగానే నా ఒళ్ళో గుప్పెడు పోసి, "ఏంటమ్మాయ్, చేతులు బోసిగా పెట్టుక్కూర్చున్నావు?" అనేవారు. మగవాళ్ళని కూడా వదిలేవారు కాదు. ఒకసారి ఎదురుగా కూర్చున్న ధాన్యం వ్యాపారి ఎవరో ఫోనులో అదేపనిగా మాట్లాడుతుంటే, ఆయన ఫోను పెట్టేసేదాకా ఆగి, చేతిలో చిక్కుడుకాయలు పెట్టారు. "బాబాయిగారూ, భట్టిప్రోలు వచ్చేలోపల అయిపోవాలండి" అన్నారు. ఆయన కిక్కురుమనకుండా ఈనెలు తీశాడు.

గడియారం మణికట్టుకి లోపలివైపు పెట్టుకునేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి తిప్పి చూసుకునేవారు. రైలు ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగిందో ఆవిడకి తెలిసినంత గార్డుకి కూడా తెలియదని నర్సమ్మ నవ్వేది.

ప్రతి ఏడాదీ విజయదశమి సాయంత్రం మా ముగ్గురికీ ఆవిడ ఇంట్లో భోజనం. దసరా సెలవులు ఇంకా ఇవ్వకముందే రైల్లో ఆ సంగతి మొదలయ్యేది.

"ఏడు గంటలకి కూర్చోవాలి. ఏడునుంచి వెనక్కి రా. ఏడింటికి కూర్చోవాలంటే నేను ఆరున్నరకి చీర మార్చుకోవాలి. ఆరున్నరకి మార్చుకోవాలంటే ఆరింటికి పొయ్యి ఆరిపోవాలి. ఆరింటికి ఆరిపోవాలంటే?"

లెక్క నల్లబల్లమీద ఉన్నట్టు గాలిలో వేలితో గీస్తూ అడిగేవారు. మాలో ఒకరు జవాబు చెప్పాలి. చెప్పలేకపోతే, "వంట చేసే ఆడదానికి కూడా ఇది రాదంటే ఎలా?" అని విసుక్కునేవారు.

అలా వెనక్కి వెళుతూ వెళుతూ నాలుగు రోజుల వెనక ఆగేవారు. మొదటిరోజు పొడులు కొట్టుకోవడం. రెండోరోజు పులిహోరకి చింతపండు పులుసు ఉడికించి సీసాకెత్తడం, గోంగూర పచ్చడి. మూడోరోజు బొబ్బట్లకి పూర్ణం, గుత్తివంకాయకి కారం. ఆ రోజు సాయంత్రం బొబ్బట్లు కూడా అయిపోవాలి. పండగనాడు పొద్దున గారెలు వేసి పెరుగులో వెయ్యాలి. సాయంత్రానికి నాని అవి ఇంకా బాగుంటాయి. వేడిగా తినాల్సినవి ఆవిడ అసలు చేసేవారు కాదు.

"వడ్డించేటప్పుడు మూకుడు పొయ్యిమీద ఉందనుకో, ఇంటావిడ మనసు కూడా దానిమీదే మాడుతుంటుంది" అనేవారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మాకు వింతగా అనిపించింది. హాల్లో పెద్ద చాప. మధ్యలో గిన్నెలన్నీ మూతలతో సహా పెట్టి ఉన్నాయి, చుట్టూ నాలుగు అరిటాకులు. నాలుగో ఆకు ఎవరికో అర్థం కాలేదు. ఆవిడ గంజిపెట్టిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చి ఆ నాలుగో ఆకు ముందు కూర్చున్నారు.

"అదేంటండీ, వడ్డన?" అంది పోస్టాఫీసు ఆవిడ.

"గరిటెలున్నాయి, చేతులున్నాయి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోండి. నేను లేవను."

నిజంగానే లేవలేదు. మంచినీళ్ళు కావలసొస్తే నేను లేచి తెచ్చుకున్నాను. వాళ్ళాయన ఆరింటికే తినేసి వీధి అరుగుమీద పేపరు పట్టుకుని కూర్చున్నారు. లోపలినుంచి మా నవ్వులు వినిపించినప్పుడల్లా ఒకసారి దగ్గేవారు. మేం తొమ్మిదింటిదాకా కూర్చున్నాం. పెళ్ళయ్యాక అంత తీరిగ్గా, ఎవరికీ ఏదీ అందించకుండా నేను అన్నం తినడం అదే మొదటిసారి. ఆటోలో ఇంటికి వస్తూ నర్సమ్మ, "ఈవిడెంత సుఖపడుతోందో చూడండి" అంది. నేనూ అదే అనుకున్నాను.

ఆ మాట ఎంత తప్పో తెలియడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.

ఆ ఏడాది మహర్నవమినాడు మధ్యాహ్నం, మా పెరట్లో అరిటాకులు కోసి ఇచ్చిరావడానికి అంగలకుదురు వెళ్ళాను. వీధి తలుపు తీసే ఉంది. వాళ్ళాయన కుర్చీలో కూర్చుని, "కాఫీ ఏమైంది?" అని లోపలికి కేకేస్తున్నారు. జవాబు లేదు. నేను వంటింట్లోకి వెళ్ళాను. అక్కయ్యగారు గోడకి జారబడి నేలమీద కూర్చుని నిద్రపోతున్నారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమ అరచేతిలో పూర్ణం ఉండ ఒకటి అలాగే ఉంది, పైన ఎండి పగుళ్ళిచ్చింది. కాళ్ళు వాచి, పట్టీలు చర్మంలోకి దిగిపోయినట్టున్నాయి. బడిలో ఎప్పుడూ నిలబడే పాఠం చెప్పే మనిషి. అలా నేలమీద పడి ఉండటం చూసి నాకు గాభరా పుట్టింది.

భుజం తట్టి లేపాను. కళ్ళు తెరిచి మొదట గడియారం చూసుకున్నారు. తరవాత నన్ను.

"నువ్వెందుకొచ్చావు?" అన్నారు. తప్పు చేస్తూ పట్టుబడినట్టు చేతిలో పూర్ణం ఉండని గిన్నెలో పడేశారు.

కాఫీ నేను కలిపి వాళ్ళాయనకి ఇచ్చి వచ్చాను. వచ్చి పక్కన కూర్చుని, చెప్పకూడని మాట చెప్పాను.

"అక్కయ్యగారూ, ఇంత అవస్థ ఎందుకండీ? రేపు తలా ఒకటీ చేసుకొస్తాం. నేను పులిహోర తెస్తాను, నర్సమ్మ కూర తెస్తుంది. మీరు అన్నం ఒక్కటే వండండి చాలు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. పద్నాలుగేళ్ళలో ఆవిడ నామీద కోప్పడింది అదొక్కసారే.

"తలా ఒకటీ తెస్తే ఎవరి గిన్నె దిగులు వాళ్ళకుంటుంది. నీ పులిహోర ఎవరు వేసుకున్నారో, ఎవరు వేసుకోలేదో చూసుకుంటూ కూర్చుంటావు. మళ్ళీ వంటింట్లో ఉన్నట్టే. అలాంటి భోజనం నాకొద్దు."

నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"నేను ఈ ఇంటికొచ్చేసరికి ఇంట్లో పదకొండు మంది. మా అత్తగారు మంచావిడే. నన్ను ఎవరూ తిట్టలేదమ్మా, కొట్టలేదు. మా అమ్మాయి కడుపులో ఉండగా ఒక దసరాకి, మూడు పంక్తులకి వడ్డించి, మూడు గంటలకి నా కంచం పెట్టుకున్నాను. కలుపుకోబోతుంటే రేపల్లెనుంచి చుట్టాలొచ్చారు, అయిదుగురు. ఉన్న అన్నం వాళ్ళకి పెట్టాం. చాలకపోతే మళ్ళీ ఎసరు పెట్టాను. అదీ అయిపోయింది. దీపాలు పెట్టేవేళకి గిన్నెకి అంటుకున్న మెతుకుల్లో ఇంత మజ్జిగ పోసుకుని ఇక్కడే నిలబడి తాగేశాను. బాధేంటో తెలుసా? నేను తినలేదని ఆ పదకొండు మందిలో ఒక్కరికి కూడా తెలియదు. అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు. అంతే."

ముందు గదిలోంచి కాఫీ గ్లాసు కిందపెట్టిన చప్పుడు వినిపించింది. ఆవిడ గొంతు తగ్గించారు.

"ఏడాదికి ఒక్క పూట నేను మా ఇంటికి చుట్టంలా రావాలనుకున్నాను. అలా రావాలంటే నాలుగు రోజులు నడవాలి. నడుస్తాను. నీకేంటి నష్టం? నువ్వు రేపు ఏడింటికి రా. ఇవాళ చూసింది వాళ్ళకి చెప్పకు."

సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. అరిటాకులు తీసుకుని నన్ను పంపించేశారు. మర్నాడు ఏడింటికి వెళితే, నిన్న చూసిన మనిషీ ఈవిడా ఒకరేనా అనిపించింది. నవ్వుతూ, పోస్టాఫీసు ఆవిడని ఆటపట్టిస్తూ కూర్చున్నారు. అందరూ కబుర్లలో పడ్డారు. నాకు మాత్రం బొబ్బట్టు తుంచినప్పుడల్లా ఆ అరచెయ్యే కనిపిస్తుంటే, ముక్కని మళ్ళీ ఆకులోనే పెట్టేస్తున్నాను. "ఏంటమ్మాయ్, తినవేం?" అని ఆవిడ బొబ్బట్ల గిన్నె నావైపు జరిపారు. వాళ్ళకి చెప్పలేదు కదా అన్నట్టు ఒక చూపు చూశారు.

అక్కయ్యగారు రిటైరైన రెండో ఏడాది వాళ్ళాయన పోయారు. ఒక్కగానొక్క కూతురు బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. అంగలకుదురు ఇంటికి తాళం వేసి తల్లిని తనతో తీసుకెళ్ళింది. ఆ దసరాకి నేనే ఫోను చేశాను.

"ఇక్కడ వంటిల్లు మా అమ్మాయిదమ్మా. నా ఇల్లైతే నాలుగు రోజులు ఆక్రమించుకునేదాన్ని. ఈసారికి లేదులే" అన్నారు. గొంతులో దిగులు లేదు. క్లాసులో సెలవు చెప్పినంత మామూలుగా అన్నారు.

నా నోట్లోంచి, "అయితే మా ఇంటికి రండి, అక్కయ్యగారూ. నేను చేస్తాను" అన్న మాట వచ్చేసింది.

"ఏడింటికేనా?" అన్నారు.

చెయ్యడం మొదలుపెట్టాక తెలిసింది. సెలవుల్లో కూడా మాకేవో శిక్షణ తరగతులు పెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చి, మామూలు వంట చేసి, అందరూ తిన్నాక పండగ పని మొదలుపెట్టేదాన్ని. మొదటిరోజే చింతపండు పులుసు అడుగంటింది. పూర్ణం పలచనైంది. మూడోరోజుకి నడుం పట్టేసింది. మా ఆయన గడపలో నిలబడి, "హోటల్నుంచి తెప్పించుకోవచ్చుగా?" అన్నాడు. నేను వంకాయ కారం నూరుతూనే ఉన్నాను. ఏడునుంచి వెనక్కి ఎన్నిసార్లు వచ్చినా నాకు నాలుగు రోజులు చాలలేదు.

విజయదశమినాడు అయిదున్నరకే ఆవిడ బాపట్ల నుంచి రైల్లో దిగారు. చిక్కిపోయారు. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకున్నారు. తరవాత మిగతా ఇద్దరూ వచ్చారు. నేను చాప వేసి, ఆకులు పరిచి, వంటింట్లోకి పరుగెత్తాను. వంకాయలు ఇంకా వేగుతున్నాయి. అన్నం కుక్కర్ విజిల్ రావడం లేదు. చెమటతో చీర ఒంటికి అంటుకుపోయింది. ఆవిడ వస్తే ఒక చెయ్యి వేస్తారని మనసులో ఎక్కడో ఆశ. ఒకసారి హాల్లోకి తొంగిచూసి, "అక్కయ్యగారూ, ఈ వంకాయ కొంచెం చూస్తారా?" అన్నాను.

"నేను రానమ్మా. నన్ను భోజనానికి పిలిచావు" అన్నారు, కూర్చున్నచోటనుంచి కదలకుండా.

నాకు చర్రుమంది. ఇంత అలసిపోయి ఉన్నాను, కనిపించడం లేదా అనుకున్నాను. గరిటె గట్టిగా కొట్టాను కూడా. ఏడైంది. ఏడుంపావైంది. ఏడున్నర దాటింది. మిగతా ఇద్దరినీ తినెయ్యమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వొచ్చి కూర్చుంటేగానీ ఇక్కడ ఎవరూ చెయ్యి కడగరు."

"వంకాయ ఉడకలేదండీ!"

"పొయ్యి ఆర్పేసి రా. వంకాయ రేపు తింటావు."

ఆర్పేశాను. ఉడికీ ఉడకని వంకాయలు మూకుట్లోనే వదిలేసి, చెయ్యి పైటకి తుడుచుకుని వచ్చి నా ఆకు ముందు కూర్చున్నాను. కూర్చున్న మరుక్షణం ఏడుపొచ్చింది. దుఃఖం కాదు, ఒట్టి అలసట. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నర్సమ్మ లేవబోతే ఆవిడ ఆపారు. ఏడవనిచ్చారు. తరవాత పులిహోర గిన్నె మూత తీసి, మొదటి గరిటె నా ఆకులో వేశారు. ఎవరికి వాళ్ళే వేసుకోవాలన్న నియమం ఆవిడ తప్పింది ఆ ఒక్కసారే.

పులిహోరలో ఉప్పెక్కువైంది. ఎవరూ అనలేదు. నేనే అన్నాను. "ఎక్కువే" అన్నారు ఆవిడ, ఇంకో గరిటె వేసుకుంటూ. అందరం నవ్వాం.

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. మర్నాడు పొద్దున తెనాలి స్టేషన్లో రైలెక్కించడానికి వెళ్ళాను. బెంచీ మీద కూర్చుని, "బాగా అలిసిపోయావు. మొదటేడు నేనూ ఇలాగే ఏడ్చాను, మీరు రాకముందు. రెండో ఏడాదికి సగం తగ్గుతుంది" అన్నారు. నేను తలూపాను. రెండో ఏడాది చెయ్యకూడదని లోపల అప్పటికే అనుకున్నాను.

చెయ్యలేదు. మరుసటి దసరాకి వారం ముందు ఫోను చేసి, "ఈ ఏడాది ఓపిక లేదండీ, వచ్చే ఏడాది చేద్దాం" అన్నాను. "అలాగేనమ్మా. ఒళ్ళు జాగ్రత్త" అన్నారు. ఫోను పెట్టేశాక నాకు హాయిగా అనిపించింది. ఆ పండగకి రెండు రోజులు పడి నిద్రపోయాను. మాఘమాసంలో బాపట్ల నుంచి కబురొచ్చింది. నిద్రలోనే పోయారట.

పెద్దకర్మకి నేనొక్కదాన్నే వెళ్ళగలిగాను. బాపట్లలో వాళ్ళ మేడకింద షామియానా వేసి భోజనాలు పెట్టారు. వడ్డించడానికి వంటవాళ్ళున్నా, వాళ్ళమ్మాయి బల్లల మధ్య తిరుగుతూనే ఉంది. పెద్దవాళ్ళని పలకరిస్తూ, పెరుగు అందిందా అని అడుగుతూ, ముఖం వాడిపోయి ఉంది. మూడు దాటాక జనం పలచబడ్డారు. నేను తినకుండా ఆమెకోసం ఆగాను.

"రా అమ్మా, ఇద్దరం కూర్చుందాం" అన్నాను.

"మీరు కానివ్వండి ఆంటీ. నాకు తొందరేం లేదు."

చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. వంటవాడు రెండు ఆకులు వేశాడు. ఆ అమ్మాయి అన్నంలో వేలు పెట్టి కెలుకుతూ, "క్రితం దసరాకి అమ్మ చీర ఇస్త్రీకి ఇచ్చిందండి. ఎక్కడికమ్మా అంటే తెనాలి అంది. తరవాత ఏమైందో, మళ్ళీ బీరువాలో పెట్టేసింది" అంది.

దాచి ప్రయోజనం లేదనిపించింది.

"నేనే పిలవలేదమ్మా. అలిసిపోయి, చెయ్యలేనని చెప్పాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం కనిపించలేదు. "పిలిచినా రైలెక్కే ఓపిక అప్పటికే లేదులెండి" అంది. నిజమో, నాకోసం అన్నదో నాకు తెలియదు. అడగలేదు.

కాసేపటికి మళ్ళీ అంది. "ఇక్కడ రోజూ బల్లమీద కంచం పెట్టి పిలిచేదాన్నండి. మీరు తినండి అనేది అమ్మ. నేను బ్యాంకునుంచి వచ్చేసరికి తన కంచం కడిగి బోర్లించి ఉండేది. చిన్నప్పుడూ అంతే. అమ్మ అన్నం తింటుంటే నేను ఎప్పుడూ చూడలేదు. మీ దగ్గర కూర్చుని తినేదటగా. ఎలా తినేదండి?"

గుర్తొచ్చినట్టు చెప్పుకుపోయాను. మొదటి ముద్ద కలపడానికి చాలాసేపు పట్టేదనీ, అప్పటిదాకా కూర్చున్నచోటునుంచే అందరి ఆకులూ ఒకసారి చూసేవారనీ. పెరుగు గారె నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూసుకునేవారనీ. కూరలు ఒకదానితో ఒకటి కలవనిచ్చేవారు కాదనీ, ఆకులో ఒక మూలనుంచి మొదలుపెట్టి వరసగా వచ్చేవారనీ. మేమందరం ముగించి కూర్చున్నాక కూడా ఆవిడ ఇంకా తింటూనే ఉండేవారనీ, లేవండి అక్కయ్యగారూ అంటే, "ఇప్పుడు నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు?" అని ఇంకొంచెం పెరుగు వేసుకునేవారనీ.

ఆ అమ్మాయి తినడం మానేసి వింటోంది. వంటవాళ్ళు వచ్చి, బల్లలు ఎత్తేసుకుంటామన్నారు.

"కాసేపు ఆగండి" అని వాళ్ళకి చెప్పి, నావైపు తిరిగింది.

"ఇంకా చెప్పండి" అంది.